అన్న వారం

2014 జూన్ 9, సోమవారం, ఉదయం ఎనిమిదీ పది. లింగంపల్లి రైల్వే వంతెనకు ఇవతల ఒక టిఫిన్ సెంటర్ ముందు, ముఖపరిచయం తప్ప మరే చుట్టరికమూ లేని నలుగురు మగవాళ్లం నా కారులో ఎక్కి రాయదుర్గం బయలుదేరాం. ఆ రాత్రి డైరీలో రాసుకున్నది ఒకే వాక్యం: "నలుగురం, మబ్బు, చేరేసరికి తొమ్మిదికి అయిదు తక్కువ." ఆ వాక్యానికి ఇంత కొనసాగింపు ఉంటుందని అప్పుడు తెలియదు. తెలిసి ఉంటే ఇంకాస్త శ్రద్ధగా రాసి ఉండేవాణ్ణి.

ఈ ఉదయం, ఆదివారం, అదంతా గుర్తుకు రావడానికి కారణం ఒక చిన్న అద్దం. ఆ పాత కారును కొనడానికి నార్సింగి నుంచి ఒక యువకుడు వచ్చాడు. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టైర్లను బూటుతో తట్టాడు. బానెట్ ఎత్తి, అన్నీ అర్థమైనవాడిలా తల ఊపి, మళ్లీ దించాడు. చివరికి ఎడమవైపు అద్దం దగ్గర ఆగి, దాని మూలన అతికించి ఉన్న బొట్టుబిళ్లలాంటి గుండ్రటి అద్దాన్ని గోటితో గీకి చూశాడు. "ఇదేంది సార్, తీసేస్తే మరక పడతదా?" అని అడిగాడు. సాయంత్రం ఏ సంగతీ ఫోనులో చెబుతానని పంపేశాను. అతను వెళ్లిన దగ్గరనుంచి నేను ఒకచోట కూర్చోలేకపోయాను. కుర్చీలోంచి బాల్కనీకి, బాల్కనీలోంచి కింద పార్కింగుకు, అక్కడినుంచి మళ్లీ పైకి. ఏమైనా పోగొట్టుకున్నారా అని మా ఆవిడ అడిగింది. ఇంకా పోలేదు, పోబోతోంది అని చెప్పాలనిపించింది. చెబితే ఆ తరువాతి ప్రశ్నకు జవాబు నా దగ్గర లేదు కనుక, తాళంచెవి వెతుకుతున్నానన్నాను. తాళంచెవి నా చేతిలోనే ఉంది.

ఆ నలుగురినీ పరిచయం చెయ్యాలి. పేర్లు అక్కర్లేదు, మేము ఒకరినొకరం పేర్లతో పిలుచుకున్నది మొదటి నెల మాత్రమే. అందరికన్నా పెద్దవాడు అన్న. శంకర్‌పల్లి ప్రాంతం వాడు, రాయదుర్గంలో ఒక ఆఫీసు భవనానికి నిర్వహణ మేనేజరు. లిఫ్టులు, జనరేటర్లు, నీళ్ల మోటార్లు ఆయన చెప్పినట్టు వింటాయి. వాటిలో ఎక్కి దిగే మనుషులే వినరని ఆయన ఫిర్యాదు. రెండోవాడు ప్రొద్దుటూరు మనిషి. ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే విభాగానికి అధిపతి. ఎదురైన ప్రతివాణ్ణీ బావా అంటాడు కనుక అందరికీ బావ అయ్యాడు. చివరివాడు కాకినాడ కుర్రవాడు, ప్రోగ్రాములు రాసేవాడు, మాకన్నా బాగా చిన్న, అతను చిన్నోడు. మధ్యలో నేను, గుడివాడ నుంచి వచ్చినవాణ్ణి, ఒక కంపెనీ జమాఖర్చుల విభాగంలో ఉన్నవాణ్ణి. మొదటి నెల తిరగకముందే పెట్రోలు, మైలేజీ, టైర్ల అరుగుదల కలిపి ఒక పట్టిక తయారుచేసి కారులో చదవబోతే, అన్న అద్దంలోంచి నన్ను చూసి, "లెక్కలు ఆఫీసుల జేస్తవు గద తమ్మీ. ఈడ జర కూసో" అన్నాడు. ఆనాటినుంచి నేను లెక్కల సారును. రాష్ట్రం రెండైన వారానికల్లా మూడు ప్రాంతాల మనుషులు ఒక కారులో ఎక్కారంటే ఆ రోజుల్లో విన్నవాళ్లు కనుబొమలు ఎగరేసేవారు. మా కారులో జరిగిన అతి పెద్ద తగాదా ఏసీ ఎంత మీద పెట్టాలన్నది. అది ఇప్పటికీ తేలలేదు.

మా ఏర్పాటు సులువైనది. వారానికి ఒకరి కారు, వరుసగా: నాది, బావది, చిన్నోడిది, అన్నది. ఎవరి వంతు అయితే ఆ వారానికి వాళ్లే రాజులు. ఏసీ వాళ్ల చిత్తం, పాటలు వాళ్ల చిత్తం, దారి వాళ్ల చిత్తం. మిగిలినవాళ్లకు గొణుక్కునే హక్కు మాత్రం ఉంటుంది. కిందటి వారం నడిపినవాడు ముందు ఎడమ సీటులో కూర్చోవాలి. ఆ సీటుకు ఒక బాధ్యత ఉంది. బావ ప్రతి సోమవారం ప్రొద్దుటూరు నుంచి తెప్పించిన వేరుశనగకాయలు ఒక సంచి నిండా వేయించి తెచ్చేవాడు. ఎడమ సీటువాడు ఒలవాలి. ఎర్ర దీపం పడ్డప్పుడు గింజలు డ్రైవరు వైపు చాపాలి. డ్రైవరు రోడ్డుమీదనుంచి చూపు తిప్పకుండానే అరచెయ్యి తెరవాలి. ఇది ఎవరూ పెట్టిన నియమం కాదు, రెండో నెలకల్లా దానంతటదే స్థిరపడింది. గచ్చిబౌలి సిగ్నల్ దగ్గరి ఎరుపు చాలా పెద్దది. అక్కడ ఒక్కరికి సరిపడా కాయలు ఒలిచి, పొట్టు ఊది, వెనక ఇద్దరికీ పంచేంత వ్యవధి ఉండేది.

మగవాళ్ల స్నేహం గురించి నాకు ఒక సిద్ధాంతం ఉంది. దాన్ని ఆ కారులోనే కనుక్కున్నాను. ఆడవాళ్లు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటారు. మగవాళ్లకు అందరూ ఒకే వైపు చూడటం కావాలి. ముందు ఒక రోడ్డు ఉండాలి, లేదా ఆట, లేదా మరమ్మతు చెయ్యవలసిన యంత్రం. ముఖాలు కనబడని చోట మాట నిర్భయంగా బయటికి వస్తుంది. విశ్వవిద్యాలయం ప్రహరీ వెంట సాగే ఆ పొడవాటి దారిలో, ముందు సీటు తలవెనుక భాగాన్ని చూస్తూ నేను చెప్పిన సంగతులు ఇంట్లో ఎన్నడూ చెప్పలేదు. బావ ఒకసారి తన తండ్రి పోయిన వార్తను బస్సుల మీద విసుక్కుంటూ విసుక్కుంటూ మధ్యలో చెప్పాడు. ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు. అన్న పాట ఆపేశాడు, అంతే. మర్నాడు బావకు బదులు అన్న కాయలు తెచ్చాడు, మాడ్చి తెచ్చాడు, అందరం తిన్నాం. ఎవరి పిల్లలు ఏం చదువుతున్నారో మాకు తెలియదు. ఎవరు ఏ మలుపులో నిశ్శబ్దంగా ఉంటారో తెలుసు. ఒకరి ఇంటికి ఒకరం వెళ్లలేదు, వెళ్లాలని తోచనూ లేదు. ఆ నలభై అయిదు నిమిషాలు ఎవరికీ భర్తలం కాదు, ఎవరికీ తండ్రులం కాదు, ఎవరి కిందా ఉద్యోగులం కాదు. దానికన్నా పెద్ద విలాసం ఈ ఊళ్లో నాకు ఎక్కడా దొరకలేదు.

నలుగురిలోనూ అన్న నడపడం వేరు. హారను కొట్టేవాడు కాదు. ఎవడైనా అడ్డం వస్తే తిట్టకుండా, "పాపం, వానికి ఏం తొందర వడ్డదో" అనేవాడు. దారి బిగుసుకుపోతే గోపన్‌పల్లి వైపు ఏదో సందులోంచి తీసుకెళ్లి, మేము కళ్లు తెరిచేసరికి గచ్చిబౌలిలో తేల్చేవాడు. నాలుగో వారం వస్తోందంటే శుక్రవారం నుంచే మాకు హాయి. ఆయన బండిలో నిద్రపోయినవాడు మధ్యలో మేల్కొన్న దాఖలా లేదు.

2018 వేసవిలో ఆ హాయి చెడింది. అన్న వారం, ఎడమ సీటులో చిన్నోడు, అతని వెనుక నేను. గచ్చిబౌలి ఎరుపులో చిన్నోడు గింజలు చాపాడు. అన్న ముందుకే చూస్తున్నాడు, చెయ్యి తెరవలేదు. చాపిన చెయ్యి చాపినట్టే ఉండగా పచ్చదీపం వెలిగింది. ఏదో కోపంగా ఉన్నాడనుకుని చిన్నోడు ఆ గింజలు తన నోట్లో వేసుకున్నాడు. మర్నాడూ అంతే. మూడోనాడు చిన్నోడు "అన్నయ్యా, తీసుకోండి" అన్నాక, ఆయన తలను పూర్తిగా ఎడమకు తిప్పి, అప్పుడే చూసినట్టు చెయ్యి పట్టాడు. కోపంగా లేడు, నవ్వాడు కూడా. అప్పటినుంచి నేను గమనించడం మొదలుపెట్టాను. ఎడమ మలుపు వస్తే ఆయన కళ్లతో కాకుండా మెడతో చూస్తున్నాడు. కారు ఎడమ తలుపు మీద కొత్త గీత. పార్కింగులో స్తంభం తగిలిందన్నాడు. ఎడమనుంచి బైకులు దూసుకొచ్చే ఊరు మనది. వెనక సీటులో నా కుడి కాలు దానంతటదే చాపమీద లేని బ్రేకును తొక్కసాగింది. ఆ వారమంతా ఆఫీసులో ఏ అంకె మీదా మనసు నిలవలేదు. ఇంట్లో భోజనం దగ్గర కూడా పాదం కదులుతూనే ఉందని మా ఆవిడ చెప్పింది.

చెప్పవచ్చు కదా అని మీరు అడగవచ్చు. చెప్పడం మా కారులో చాలా తేలిక, ముఖాలు కనబడవు కనుక. ఇది మాత్రం ముఖం చూసి చెప్పవలసిన మాట. అందుకని నేను చందానగర్‌లో కార్ల సామాన్లమ్మే దుకాణానికి వెళ్లి, పక్కన వచ్చే బండ్లు కనబడటానికి అతికించుకునే గుండ్రటి అద్దాలు నాలుగు కొన్నాను. దుకాణంవాడు విడిగా అమ్మనన్నాడని అబద్ధమాడి తలా ఒకటి పంచాను. అన్న దాన్ని వేళ్లమధ్య తిప్పి చూసి, "ఏంది తమ్మీ, కారుకు బొట్టుబిళ్ల తెచ్చినవా?" అన్నాడు. అందరం నవ్వాం. కాని సాయంత్రం పార్కింగులో, మిగిలిన ఇద్దరూ ఎక్కి కూర్చున్నాక, ఆయన ఆ అద్దాన్ని అతికించి, సీటులో కూర్చుని చూసి, మళ్లీ దిగి, పీకి, ఇంకాస్త కిందికి అతికించి, మళ్లీ కూర్చున్నాడు. నేను చూస్తున్నానని ఆయన చూశాడు.

జూలై చివరి గురువారం, మళ్లీ అన్న వారం. సన్నని వాన. విశ్వవిద్యాలయం ప్రహరీ పక్కన ఆయన కారును కొద్దిగా ఎడమకు జరిపాడు. అక్కడ, మా ముందు తలుపు పక్కనే, భోజనం పొట్లాలు చేరవేసే కుర్రవాడి బైకు ఉంది. నేను అరిచేలోగా వాడు బురదలోకి ఒరిగిపోయాడు. నెమ్మదిగానే పడ్డాడు, దెబ్బ తగల్లేదు. అన్న దిగి బైకు ఎత్తాడు. "నేను మీ పక్కకే ఉన్న గద అన్నా, కనబడలేదా?" అని ఆ కుర్రవాడు అడిగాడు. కోపంగా కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగాడు. అన్న తన చేతిరుమాలుతో వాడి సంచిమీది బురదను, మూలలతో సహా, తుడిచాడు. రాయదుర్గంలో దిగేటప్పుడు చూస్తే చిన్నోడి పిడికిట్లో ఒలిచిన గింజలు అలాగే ఉన్నాయి.

మిగిలిన మూడు వారాలూ మా మూడు కార్లలో తిరిగాం. క్రికెట్టు గురించి మాట్లాడాం, మెట్రో స్తంభాల గురించి మాట్లాడాం, ఎన్నడూ లేనంత ఎక్కువ మాట్లాడాం. కుర్చీ ఒక గదిలోంచి ఇంకో గదికి మార్చాలన్నా మూడు సమావేశాలు పెట్టుకునే ఉద్యోగాలు మావి. ఈ విషయం మీద మాత్రం మేము ముగ్గురం ఒక్క సమావేశమూ పెట్టుకోలేదు. ఆయన వెనుక ఆయన గురించి మాట్లాడటం ఆయన్ను కారులోంచి దించినట్టే అవుతుందని ఎవరికి వాళ్లం అనుకున్నాం. ఎవరికి వాళ్లమే ఒక ఉపాయం కూడా ఆలోచించాం. ఆగస్టు 19, ఆదివారం సాయంత్రం నేను అన్నకు ఫోను చేసి, నా కారుకు సర్వీసు చేయించాను, కొంత దూరం నడిపి చూడమన్నారు, ఈ వారం నేను తెస్తాను, నీ వంతు తరువాత పెట్టుకుందాం అన్నాను. "సరే తియ్" అన్నాడు. ఇంత తేలికగా ఒప్పుకున్నాడే అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

ఇరవయ్యో తేదీ, సోమవారం. ఎనిమిదికి అయిదు నిమిషాల ముందే వెళ్లి టిఫిన్ సెంటర్ ముందు కారు ఆపాను. ఇంతలో వెనుక బావ కారు వచ్చి ఆగింది. దిగి, నా కారును చూసి, నన్ను చూసి, పెదవి కొరుక్కున్నాడు. బండి నిలబెడితే బ్యాటరీ దిగిపోతుంది, ఈ వారం నేను తెస్తానని తాను అన్నకు చెప్పాడట. మేము ఆ సంగతి నమిలి మింగేలోపే చిన్నోడి కొత్త కారు వచ్చింది. సీట్లకు ప్లాస్టిక్ తొడుగులు ఇంకా తియ్యలేదు. సాయంత్రం నార్సింగిలో ఫ్లాటు చూడటానికి పోవాలి, అటునుంచి అటే వీలవుతుంది, ఈ వారం తనదని అతను చెప్పాడట. అన్న ముగ్గురికీ ఒకే జవాబు ఇచ్చాడు: సరే తియ్. ముగ్గురం ఒకరి ముఖం ఒకరం చూసుకుంటుండగా, ఎడమవైపు బాగా వదిలి, రోడ్డు మధ్య డివైడరును పట్టుకుని, మెల్లగా, నాలుగో కారు వచ్చి ఆగింది.

నలుగురికి నాలుగు కార్లు. టిఫిన్ సెంటర్ యజమాని గరిటె పట్టుకుని బయటికొచ్చాడు. "గిట్ల అడ్డం వెడితే నా గిరాకీ యాడ నిలబడాలె సార్?" అన్నాడు. ఎవరూ వినిపించుకోలేదు. నాలుగేళ్లలో మొదటిసారి మేము నలుగురం ఎదురెదురుగా నిలబడి ఉన్నాం. ఏ వైపు చూడాలో తెలియలేదు. నేను మా కారు టైరును చూశాను.

"ఎవల వారం ఇది?" అన్నాడు అన్న.

నీదే అన్నాను.

"మరి ఇవేంది?"

బావ బ్యాటరీ సంగతి ఎత్తుకున్నాడు. అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. "ముగ్గురియి ఒక్కనాడే దిగినయా బావా? నన్ను దించాల్నని ఉంటే ఒక్కడు నా ముంగటికొచ్చి చెప్పరాదు? నాలుగేండ్లు ఒక్క కారుల కూసున్నం."

చివరికి చిన్నోడే అన్నాడు. "దించడానిక్కాదండి. మీకు ఎడమపక్క కనబడట్లేదండి అన్నయ్యా. గింజలు చాపినా చూడట్లేదండి మీరు. మా అందరికీ తెలుసండి."

వాడు అనేసిన తరువాత ఆ మాట ఎంత చిన్నదో తెలిసింది. అన్న కారుకు ఆనుకున్నాడు. "రెండు నెలలైంది" అన్నాడు. "కంటి దవాఖానల చెప్పిన్రు. కంట్ల ఒత్తిడి వెరిగి నరం ఎండుతున్నదంట. పోయిన చూపు రాదంట, ఉన్నది కాపాడుకొమ్మన్నరు. బండి నడపొద్దన్నరు."

మాకెందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్తె నా వంతు పోతది. వంతు లేనోడు ఏందయ్యా? ఉత్త సవారీ, ఎక్కించుకుంటె ఎక్కేటోడు. మీరు ఎక్కించుకుంటరు, నాకెరుకే. దినాం ఎక్కించుకుంటరు. కని నేను దినాం మీ మొఖం జూసి ఎక్కాలె."

నాకు జాలి కలిగింది. బావకు కోపం వచ్చింది. ఇప్పుడు ఆలోచిస్తే బావదే సరైన స్నేహం. "వెనక మేం కూర్చుంటిమి, మా సంగతి ఇడ్సు. ఆ పిల్లోడు బురదలో పడ్నాడే! నీ వంతు కోసం వాడు పోవాల్నా? చెప్పు సామీ" అన్నాడు. అన్న తల దించుకున్నాడు. ఆ దినం నుంచి నిద్ర లేదని, ఈ ఒక్క వారం నడిపి ఇక తానే చెప్పేద్దామనుకున్నానని, నేలను చూస్తూ అన్నాడు. మేము ముగ్గురం ముందు రోజు చేసిన ఫోన్లు విన్నాక, దించేది ఎట్లాగూ దించుతున్నారు, నా కారులోనే వచ్చి దిగుతానని పంతం పట్టాడట.

బావ ముందుకు వెళ్లి ఆయన వేళ్లమధ్యనుంచి తాళంచెవి లాక్కున్నాడు. "ఈ ఒక్క వారమా? అది నిన్ననే అయిపాయె. ఇప్పుడు ఇను. వారం నీది. కారు నీది. ఏసీ ఎంత పెట్టమంటే అంత, యాడ తిప్పమంటే ఆడ. స్టీరింగు మాత్రం మాది. ఎక్కు."

మూడు కార్లను సందులో వరుసగా పెట్టివచ్చాం. అన్న తన కారు ఎడమ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు; ఆ కారులో ఆ సీటులో ఆయన ఎన్నడూ కూర్చోలేదు. కూర్చున్నాక బెల్టు కోసం అలవాటుగా కుడి భుజం మీదికి చెయ్యి పోయింది, అది ఎడమవైపు ఉంది. ప్రహరీ దాటాం. గచ్చిబౌలిలో ఎరుపు పడింది. అప్పుడు అన్న సంచిలోంచి కాయలు తీసి, ఒకటొకటే ఒలిచి, పొట్టు ఊది, కుడివైపుకు చెయ్యి చాపాడు. బావ రోడ్డుమీదనుంచి చూపు తిప్పకుండా అరచెయ్యి తెరిచాడు. వెనక సీటులో నా కుడి కాలు కదలకుండా ఉందని ఆ క్షణంలోనే గమనించాను. "గుంత ఉన్నది ముంగట, కుడికి పో" అన్నాడు అన్న. కాసేపయ్యాక, "ఏసీ తగ్గియ్" అన్నాడు. బావ గొణిగాడు.

అలా సాగింది. నాలుగో వారం వస్తే చిన్నోడు పొద్దున్నే అన్న ఇంటికి వెళ్లి కారు తెచ్చేవాడు. అలా మాలో ఒకడు మరొకడి ఇంటి గుమ్మం మొదటిసారి చూశాడు. కళ్లలో చుక్కలు వేసుకునే వేళ అయితే చిన్నోడే గుర్తుచేసేవాడు. ఆ తరువాత కరోనా వచ్చి కార్లన్నీ ఒకేసారి ఆగాయి. ఆ నెలల్లో ఎనిమిదీ పది కాగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడేవాణ్ణి. ఎందుకు లేచానో తెలియక నీళ్లు తాగి మళ్లీ కూర్చునేవాణ్ణి. ఆంక్షలు సడలాక బావ పట్టుబట్టి కొండాపూర్‌లో ఒక హోటల్లో నలుగురినీ కూర్చోబెట్టాడు. ఎదురెదురుగా కూర్చున్నాం. బిర్యానీ బాగుంది అన్నాం. నలుగురమూ అన్నాం. పెళ్లిచూపుల్లోనైనా ఇంతకన్నా మాటలుంటాయి. చేతులు కడుక్కుని కిందికి వచ్చి, పార్కింగులో ఉన్న అన్న కారులో, ఎవరి సీటులో వాళ్లం, ఊరికే కూర్చున్నాం. ఇంజను కూడా వెయ్యలేదు. ఎదురుగా గోడ. రెండు గంటలు మాట్లాడాం. కాపలాదారు రెండుసార్లు వచ్చి అద్దం తట్టాడు, ఏమైనా ఇబ్బందా అని.

తరువాత ఆఫీసులు తెరిచారు గాని ఎవరి రోజులు వాళ్లవి అయ్యాయి. నాలుగో వారాలు కొంతకాలం కుంటుతూ నడిచాయి. కిందటి ఏడాది అన్న పదవీ విరమణ చేశాడు. చిన్నోడు నార్సింగిలో ఆ ఫ్లాటులోకి మారాడు. బావ ఇంటినుంచే పని చేస్తాడు. నాకు వారానికి రెండు రోజులే ఆఫీసు, కంపెనీ బస్సు గేటు ముందుకే వస్తుంది. కారు కదలడం లేదు, అమ్మేయడమే న్యాయమని లెక్క వేసి తేల్చినవాణ్ణి నేనే. లెక్కలో తప్పు లేదు. అయినా ఆ యువకుడు గోటితో అద్దాన్ని గీకినప్పటినుంచి, అన్న ఆనాడు రోడ్డుమీద అడిగిన మాట నా లోపల తిరుగుతూనే ఉంది. వంతు లేనోడు ఏంది?

మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక ఆయనకు ఫోను చేశాను. కారు అమ్మేస్తున్నానన్నాను. మంచి ధరే వస్తున్నదా అని అడిగాడు. వస్తోందన్నాను. తరువాత, వేళాకోళంగానే అనుకుని, "ఇక నాకు వంతు లేదన్నా" అన్నాను. నా గొంతు వేళాకోళంగా లేదని నాకే వినబడింది.

"నా కన్ను పోయినంక నా వంతు ఆగిందా?" అన్నాడు అన్న. "కారు పోతె నీది ఆగుతదా? నా కారు ఈడ ఊకెనే ఉన్నది. రేపు సోమవారం. ఎవల వారమో జూడు, లెక్కల సారువు గద."

వేళ్లమీద లెక్కపెట్టాను. ఆయనదే. ఎక్కడికని అడిగాను.

"యాడికైతేంది. రాయదుర్గం దాక పోయి మళ్లొద్దాం. చిన్నోడు సెలవు వెడతడు, బావ కాయలు తెస్తడు, స్టీరింగు నువ్వు వట్టు. ఎనిమిదీ పది."

ఆ తరువాత వేడినీళ్లలో గుడ్డ తడిపి ఆ గుండ్రటి అద్దాన్ని ఊడదీశాను. మరక పడలేదు, దాని కింద మిగతా అద్దం కన్నా తేటగా ఒక గుండ్రటి చోటు ఉంది. యువకుడికి ఫోను చేసి బుధవారం వచ్చి తీసుకెళ్లమన్నాను.

లెక్క ఇది. పోయినవి: అన్న ఎడమ కంటి పక్కచూపు, రోడ్డు వెడల్పు పనుల్లో కూల్చేసిన టిఫిన్ సెంటర్, పనిరోజుల ఉదయాలు, బుధవారం నుంచి నా కారు. ఉన్నవి: అన్న కారు; అందులో నాలుగు సీట్లు; ఒలిచే చెయ్యి, తెరిచే చెయ్యి; నా బల్ల సొరుగులో ఒక గుండ్రటి అద్దం; ఒక వంతు. పోయినవి ఎప్పుడు పోయాయో డైరీ తిరగేసి తేదీలతో చెప్పగలను. ఉన్నవి ఎప్పుడు వచ్చి చేరాయో అందులో ఎక్కడా లేదు. కాలం తీసుకున్నప్పుడు తేదీ వేస్తుంది, ఇచ్చినప్పుడు వెయ్యదు.